ఏ ఊరి గడియారమో ముందు అడుగు

నల్లగండ్ల, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి శనివారం తెల్లారుజామున క్యాబ్‌లో, నిద్రమత్తులో. రెండోసారి ఇందాక, పెసరట్టు తిన్నాక. మీ చెల్లికి మా కంపెనీలో ఉద్యోగం వచ్చినందుకు ముందు నా పేరు మీద ఒక స్వీటు ప్యాకెట్ బాకీ రాసుకో. ఫోన్ చేద్దామంటే నేను లేచే టైముకి నువ్వు కాలేజీలో పాఠం చెబుతుంటావు. నీకు తీరిక దొరికేసరికి నేను లాగిన్ అయిపోయి ఉంటాను. అయినా ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు. టీ పెట్టుకుని చదువు.

నువ్వడిగింది ఒక్కటే. "ఎవణ్ణి అడిగినా ఒక్కో మాట చెబుతున్నాడు. ఒకడేమో గవర్నమెంటు ఉద్యోగంతో సమానం, కళ్ళు మూసుకుని చేర్చెయ్యమంటాడు. ఇంకొకడేమో రెండేళ్ళలో మనిషి సగమైపోతుందంటాడు. ఇద్దరూ మీ కంపెనీలో చేసినవాళ్ళే. ఎవరి మాట నమ్మాలిరా?" అని కదా. ఇద్దరి మాటా నమ్ము. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ కూర్చున్న అంతస్తులు వేరు.

కంపెనీ పేరు రాయను, నీకు తెలిసిందేగా. విదేశాల మ్యూచువల్ ఫండ్ల లెక్కలు, ఖాతాల పని హైదరాబాద్‌లో కూర్చుని చేసే చోటు, అంతవరకే. ఉత్తరం ఎవడి చేతిలో పడుతుందో ఎవడికి తెలుసు. బయట ఏం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడకూడదు అనేదానికి కూడా మాకు ఏటా ఒక ట్రైనింగు ఉంటుంది, చివర్లో పరీక్షతో సహా. తప్పితే మళ్ళీ రాయాలి. మన కాస్ట్ అకౌంటింగ్ సప్లిమెంటరీ గుర్తొచ్చి నవ్వుకుంటుంటాను.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు నానక్‌రామ్‌గూడ వైపు తీసుకెళ్ళాను గుర్తుందా? రాత్రి పదకొండుకి కూడా అద్దాల బిల్డింగులన్నీ వెలిగిపోతుంటే "వీళ్ళకి కరెంటు బిల్లు రాదా" అన్నావు. లైట్లు వెలిగేది ఎవరి కోసమో నీకప్పుడు చెప్పలేదు. ఒక్కో అంతస్తు ఒక్కో దేశం టైముతో బతుకుతుంది. మా బిల్డింగులోనే కింద ఒక ఫ్లోర్ సిడ్నీకి పనిచేస్తుంది. అక్కడ మార్కెట్ సాయంత్రం నాలుగుకి మూస్తే మనకి మధ్యాహ్నం కూడా కాదు. కాబట్టి వాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి క్యాబెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు. దాని పైన లండన్ వాళ్ళు. అక్కడ చాలా ఫండ్లకి మధ్యాహ్నం పన్నెండుకే లెక్క కడతారు. అంటే మనకి సాయంత్రం నాలుగున్నర, చలికాలమైతే ఐదున్నర. తొమ్మిదిన్నరకల్లా బ్యాగు సర్దేస్తారు. ఆ పైన మేం, అమెరికా వాళ్ళం. ఐడీ కార్డులు అందరివీ ఒకటే రంగు. క్యాంటీన్లో సాంబారు కూడా ఒకటే. కంపెనీ ఎలా ఉందని ముగ్గుర్నీ అడిగి చూడు, ఒకడి మాటకీ ఇంకొకడి మాటకీ పొంతన ఉండదు.

నేను ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నానో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. "బ్యాంకులో" అని ఊళ్ళో చెప్పేస్తుంటాం, వాళ్ళు లోను ఇప్పించమని అడుగుతుంటారు. నాది ఫండ్ అకౌంటింగ్. అమెరికాలో ఎవరో టీచరమ్మ రిటైర్‌మెంట్ కోసం మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు దాచుకుంటుంది చూడు, ఆ ఫండ్ యూనిట్ విలువ ఈ రోజు ఎంత అని లెక్కకట్టేది మేము. ఎన్‌ఏవీ అంటారు. మావాళ్ళు ముద్దుగా నావ్ అంటారు. అందుకని "నావ ఒడ్డెక్కిందా" అనేది మా ఫ్లోర్‌లో పాత జోకు.

అక్కడి మార్కెట్ వాళ్ళ సాయంత్రం 4 గంటలకు మూస్తారు. మనకది వేసవిలో రాత్రి ఒంటిగంటన్నర, చలికాలంలో రెండున్నర. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. వాళ్ళు అక్కడ ముల్లు తిప్పితే ఇక్కడ నల్లగండ్లలో నా నిద్ర తిరుగుతుంది. మార్కెట్ మూసిన క్షణం నుంచీ మా పరుగు మొదలు. ఫండ్‌లో ఉన్న ప్రతి షేరుకీ ఆ రోజు ముగింపు ధర వెయ్యాలి, డివిడెండ్లు కలపాలి, ఖర్చులు తియ్యాలి, మిగిలినదాన్ని యూనిట్ల సంఖ్యతో భాగించాలి. అక్కడి 6 గంటల లోపు పంపెయ్యాలి. మొత్తం రెండు గంటలు. కూడిక, తీసివేత, భాగహారం, అంతే. మన బీకాం సెకండియర్ లెక్క. కాకపోతే తప్పు పోతే మార్కులు పోవు, జనం డబ్బు పోతుంది.

2024 జూన్ 10 రాత్రి సంగతి చెబుతాను. అమెరికా చిప్పుల కంపెనీ ఎన్విడియా షేరు ఒకటికి పది చేశారు కదా, స్ప్లిట్ అంటారు. శుక్రవారం 1,200 డాలర్ల పైన ఉన్న షేరు సోమవారం 120 దగ్గర మొదలైంది. నీ దగ్గర పది షేర్లుంటే వంద అవుతాయి, ధర పదో వంతు అవుతుంది, విలువ అంతే ఉంటుంది. ఇది కొన్ని వారాల ముందే అందరికీ తెలుసు. మేం కూడా లిస్టు రాసి పెట్టుకున్నాం, మేనేజర్ "దీంట్లో ఏముంది" అని కూడా అన్నాడు. రాత్రి రెండు దాటాక ధరల రిపోర్టు తెరిస్తే ఒక ఫండ్‌లో ఎర్ర గీత. ధర మారింది. షేర్ల సంఖ్య మారలేదు. లెక్క చూడు: ఆ ఫండ్ డబ్బులో 5 శాతం ఈ షేరులో ఉందనుకో. అందులో 90 శాతం ఎగిరిపోయినట్టు కనిపిస్తే మొత్తం ఫండ్ నాలుగున్నర శాతం పడినట్టు. 20 డాలర్ల యూనిట్ 19 డాలర్ల 10 సెంట్లకి వెళ్ళిపోతుంది. ఆ ధరకి ఆ రోజు అమ్ముకున్నవాడు మునుగుతాడు, కొన్నవాడికి పండగ. ఒక పైసా తేడాకే మెయిళ్ళు వచ్చే చోట తొంభై సెంట్లు!

అప్పటికి రెండూ నలభై. మూడున్నరకి పంపాలి. నా చేతులు చల్లబడిపోయాయిరా, ఏసీ వల్ల కాదు. పక్క సీటు కుర్రాణ్ణి పిలిచి ఎంట్రీ వెయ్యమన్నాను, నేను చెక్ చేశాను, బోస్టన్ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను. (మా దగ్గర ఎంట్రీ వేసినవాడే ఓకే చెయ్యకూడదు. ఒకరు వెయ్యాలి, ఇంకొకరు చూడాలి. మంచి పద్ధతి. ఇంట్లో మా ఆవిడ ఇదే అమలు చేస్తోంది, కూరలో ఉప్పు విషయంలో.) మూడూ ఇరవై రెండుకి ఫండ్ బయటికెళ్ళింది. కిందికెళ్ళి టీ తాగాను. అంత రుచిగల టీ నేనింకెప్పుడూ తాగలేదు.

ఇంతకీ ఏమిచ్చారంటావా? ఒక ఈ-కార్డు. మీద పటాకులు పేలుతున్న బొమ్మ. అయిదొందల పాయింట్లు, వాటితో ఒక స్టీలు వాటర్ బాటిల్ వచ్చింది. ఏడాది చివర రేటింగ్ "మీట్స్". అంటే చెయ్యాల్సింది చేశాడు, అంతకంటే ఏమీ లేదు అని. ఎందుకని అడిగితే మేనేజర్ తల దించుకుని "టీమ్‌లో ఇద్దరికే పైది ఇవ్వమన్నారు, బెల్ కర్వ్" అన్నాడు. అంటే ఎవరెంత చేసినా ఎక్కువమందిని గంట ఆకారపు గీత మధ్యలోనే ఉంచాలని. పాపం అతను కూడా మంచివాడే. అతన్ని ఆ పైవాడు, వాణ్ణి ఇంకా పైవాడు అదే గీతలో కూర్చోబెడతారు. ఆ రోజు ఇంటికొచ్చి రాజీనామా మెయిల్ టైపు చేసి డ్రాఫ్టులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉంది. పంపితే తొంభై రోజుల నోటీసు. మూడు నెలల తర్వాత చేరతానంటే ఆగే కంపెనీ ఎన్నుంటాయి చెప్పు. నువ్వు విన్న "మనిషి సగమైపోతుంది" అనే మాట ఇలాంటి రాత్రులు గడిపినవాడిదే అయ్యుంటుంది.

ఇప్పుడు ఇంకో ఫ్లోర్ సంగతి విను. కేవైసీ టీమ్‌లో మన నెల్లూరు వైపు అక్క ఒకావిడ ఉంది, క్యాంటీన్ పరిచయం. ఖాతాదారుల పేర్లని ఆంక్షల జాబితాలతో, అంటే వీళ్ళతో లావాదేవీలు వద్దని ప్రభుత్వాలు పెట్టిన పేర్లతో, పోల్చి చూడటం ఆవిడ పని. సిస్టమ్ రోజూ వందల పేర్లు పట్టుకొస్తుంది, అందులో దాదాపు అన్నీ ఉత్తుత్తివే. పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకడు కాదు కదా. మన క్లాసులో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్ళు చూడు, అలా. పుట్టినతేదీ చూడాలి, ఊరు చూడాలి, కాదని రాసి మూసెయ్యాలి. నిజంగా అనుమానం వస్తే పైకి పంపాలి, ఆ ఖాతాదారుడికి మాత్రం నీ మీద అనుమానం వచ్చిందని పొరపాటున కూడా తెలియనివ్వకూడదు. అది నేరం. ఆవిడ ఏమంటుందో తెలుసా? "తమ్ముడూ, చచ్చేంత బోరు. కానీ ఆరున్నరకి ఇంట్లో ఉంటాను, పిల్లాడి హోంవర్కు చూస్తాను. నన్ను ఇక్కణ్ణుంచి కదిలించకు." పదకొండేళ్ళుగా అదే సీటు. నీకు గవర్నమెంటు ఉద్యోగంతో సమానమన్నది ఈవిడలాంటి వాళ్ళే.

సెటిల్‌మెంట్స్‌లో ఒక వరంగల్ అన్న ఉన్నాడు. ఆయన గోడు వేరే. అమెరికాలో 2024 మే 28 నుంచి షేర్లు కొన్న మర్నాడే డబ్బు, షేర్లు చేతులు మారాలన్నారు. అంతకుముందు రెండు రోజుల గడువు ఉండేది. మన దేశంలో 2023 జనవరి నుంచే అన్ని షేర్లకీ ఒక్కరోజు పద్ధతి వచ్చేసింది, మనకేం తేడా తెలియలేదు. కానీ అక్కడ మారేసరికి, ట్రేడ్ జరిగిన రోజే అక్కడి రాత్రి 9 లోపు వివరాలు సరిపోయాయని ఖాయం చెయ్యాలి. మనకది వేసవిలో ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పొద్దు పొడిచేదాకా కూర్చోవాల్సిందే. "వాళ్ళు ఒక దినం తగ్గించిన్రు, నాకు ఒక జన్మ తగ్గింది" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ మొన్న బీపీ మాత్రలు మొదలుపెట్టాడు. కాకపోతే ఆయన షిఫ్టు అలవెన్సుతోనే హన్మకొండలో ఇల్లు కట్టాడు, అది కూడా ఆయనే చెబుతాడు. అడిగిన రోజుని బట్టి ఆయన అభిప్రాయం మారిపోతుంది. జీతం పడిన రోజు అడిగావా, కంపెనీ దేవుడు.

పండగల గొడవ ఒకటుంది, అమ్మ తప్పకుండా అడుగుతుంది. అమెరికా టీమ్‌కి సెలవులు అమెరికావే. నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ఇంట్లో కూర్చుంటాను, ఏం చెయ్యాలో తోచదు. కనుమ రోజు రాత్రి మాత్రం లాగిన్. ఆగస్టు 15న పొద్దున ఆఫీసులో జెండా ఎగరేసి బూందీ పంచారు, రాత్రి మేం కొందరం కాంప్ ఆఫ్ మీద, అంటే ఇంకో రోజు బదులు సెలవిస్తామంటే, పనికి కూర్చున్నాం. మార్కెట్‌కి మన స్వాతంత్ర్యంతో పని లేదుగా.

ఇక డబ్బు. ఆఫర్ లెటర్ మొదటి పేజీ ఫోటో చూసి మీ నాన్నగారు "3 లక్షల 60 వేలు, అంటే నెలకు ముప్పై వేలు" అని వీధంతా చెప్పేశారని అన్నావు. వీధిని కాస్త ఆపించు. అది సీటీసీ, అంటే ఏడాదికి మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. అందులో 24 వేలు వేరియబుల్, ఏడాదికోసారి, అదీ కంపెనీ దయ ఉంటే. కంపెనీ వాటా పీఎఫ్ నెలకు 1,800, ఏడాదికి 21,600, అది కూడా ఇందులోనే కలిపారు. గ్రాట్యుటీ అని 8,600 చిల్లర. బేసిక్ 15 వేలు కాబట్టి, నెలకు 26 పనిరోజులని పట్టి పదిహేను రోజుల జీతం అలా లెక్క. ఐదేళ్ళు నిండితేనే చేతికొస్తుంది, అయినా ఈ ఏడాది జీతంలో చూపించుకున్నారు. ఇవన్నీ తీస్తే నెలకు 25 వేల నాలుగైదొందలు. అందులోంచి చెల్లి వాటా పీఎఫ్ ఇంకో 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికి 23,500 దగ్గర. హాస్టలుకి తొమ్మిదో పదో పోను మిగిలింది చూసుకోమను. మోసం అననురా, అందరూ ఇలాగే రాస్తారు. 2018లో నేను చేరినప్పుడు ఈ లెక్క ఎవరూ చెప్పక మొదటి నెల జీతం చూసి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను, తప్పు పడిందేమో అని. ఆ అమ్మాయి ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతుంది.

అన్నట్టు నీకో ముఖ్యమైన సంగతి. చెల్లి పేరు మీద డీమ్యాట్ (షేర్లు దాచుకునే ఖాతా) తెరిచి ఐపీఓలకి, అదే కంపెనీలు కొత్తగా అమ్మే షేర్లకి, నువ్వే అప్లై చేస్తుంటావు కదా? చేరేలోపు ఆపెయ్. ఇలాంటి కంపెనీల్లో చేరగానే డీమ్యాట్ ఖాతాలన్నీ డిక్లేర్ చెయ్యాలి, చాలా టీముల్లో షేరు కొనాలన్నా ముందు అనుమతి అడగాలి. తనకి తెలియకుండా తన ఖాతాలో ట్రేడ్ జరిగితే సంజాయిషీ తనే ఇచ్చుకోవాలి. మా పక్క టీమ్‌లో ఒక కుర్రాడి ఉద్యోగం పోయింది ఇలాగే. కొన్నది వాడి బావ.

లోపల వింత రూల్స్ ఇంకా ఉన్నాయి. కొన్ని ఫ్లోర్లలో ఫోన్ లాకర్లో పెట్టాలి, పెన్నూ కాగితం కూడా లోపలికి రానివ్వరు. ఏడాదికోసారి వరసగా కొన్ని రోజులు సెలవు తీసుకుని తీరాలి, ఆ రోజుల్లో మెయిల్ కూడా తెరవనివ్వరు. మొదట్లో ఎంత ప్రేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎవడైనా లెక్కల్లో తేడా చేస్తుంటే రోజూ వచ్చి కప్పిపుచ్చుకోవాలి కదా, వాణ్ణి పక్కన పెడితే బయటపడుతుందని. కారణం ఏదైతేనేం, ఆ సెలవుల్లోనే మేం అరకు వెళ్ళొచ్చాం.

మీ నాన్నగారి అసలు భయం ఇది కాదని నాకు తెలుసు. ఆడపిల్ల, రాత్రి డ్యూటీ. క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుంది, చివర దిగేది అమ్మాయైతే గార్డు కూడా ఉంటాడు, లోపలికి వెళ్ళేదాకా కదలరు. ఆ విషయంలో మా కంపెనీని తప్పుపట్టలేను. అసలు కష్టం ఎక్కడంటే, పగటి నిద్ర. పక్కింట్లో గ్రైండరు, కింద కూరగాయల బండి మైకు, పదకొండుకి కొరియర్ వాడు. కిటికీలకి నల్ల కర్టెన్లు కట్టుకున్నాం. మొన్న టెస్టులు చేయిస్తే డి విటమిన్ అడుగంటిందన్నారు, ఒంగోలు ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి! స్నేహితులంతా ఫ్లోర్‌లో వాళ్ళే మిగులుతారు. నీతో ఉత్తరాల్లో మాట్లాడే గతి పట్టింది అందుకే.

మరి నువ్వెందుకు ఉన్నావురా అంటావు. నాకూ సరిగ్గా తెలీదు. లెక్క సరిపోయిన రాత్రి ఒక తృప్తి ఉంటుంది, అదొకటి. ఒకటో తారీఖు తప్పని జీతం. అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించినప్పుడు ఆఫీసు ఇన్సూరెన్సు మా ఇంటిని నిలబెట్టింది, అది మాత్రం మర్చిపోను. ఆ వారమంతా నా ఫండ్లన్నీ టీమ్‌లో పంచుకున్నారు, ఒక్కడు మొహం మాడ్చలేదు. మరోవైపు పద్నాలుగు మంది చేసే పని ఇప్పుడు తొమ్మిది మందిమి చేస్తున్నాం. మిగతాది బాట్‌లు, అంటే మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములు, చేస్తున్నాయి. ఇంకెన్నాళ్ళో అన్న టెన్షన్ అందరికీ ఉంది, ఎవరూ పైకి అనరు. క్యాంటీన్లో మాత్రం అందరూ ఏదో ఒక కోర్సు చేస్తున్నామంటారు.

చెల్లిని చేర్చమనే నా మాట. బీకాం అయిన వెంటనే డబ్బు ఎలా నడుస్తుందో ఇంత దగ్గర్నుంచి చూపించే చోటు మన ఊళ్ళో దొరకదు. కానీ హెచ్ఆర్‌ని జీతం గురించి అడిగేకన్నా ముందు ఏ ప్రాసెస్ (ఏ పని), ఏ దేశానికి, షిఫ్టు ఎన్ని గంటల నుంచి ఎన్నింటి దాకా అని అడగమను. "రొటేషనల్", అంటే షిఫ్టులు మారుతుంటాయి అని చెబితే ఊరుకోవద్దు, మొదటి ఆర్నెల్లు ఏదో చెప్పమనాలి. మెయిల్‌లో అడగమను, నోటి మాట వద్దు. లండన్ అన్నారా, ఆ రోజే సంతకం పెట్టించు. సిడ్నీ అన్నా పర్లేదు, మన చెల్లి ఎటూ తెల్లారగట్లే లేస్తుందిగా. అమెరికా అంటే రెండేళ్ళు అనుకుని చేరమను, తర్వాత లోపలే వేరే టీమ్‌కి మారొచ్చు. నేను మారలేదు, అది నా బద్ధకం.

మొదటి నెల హాస్టలు వద్దు, మా ఇంట్లోనే ఉండాలని మా ఆవిడ తీర్పు చెప్పేసింది. నల్ల కర్టెన్ల గది ఇస్తాం.

నువ్వు ఆఫర్ లెటర్‌లో ఒకటో పేజీ, మూడో పేజీ పంపావు. రెండోది లేదు. షిఫ్టు సంగతి ఉండేది అందులోనే. అది ఫోటో తీసి పంపరా ముందు. రేపు సాయంత్రం ఐదింటికి క్యాబొస్తుంది, ఈలోపు పంపితే చదివి చెబుతాను.

నీ
మూడో బెంచీ వాడు